‘హోల్డ్ యువర్ హార్సెస్’ ఎవరితో అనొచ్చు?

ప్రశ్న: మేడమ్, మాది కావలి. డిగ్రీ అయ్యాక రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఆఫీసులో చేరి ఎనిమిది నెలలైంది. విదేశీ బయ్యర్లకు మెయిల్స్ నేనే రాస్తాను. ఇంగ్లీషు బాగుపడాలని రోజుకో ఇడియమ్ నోట్‌బుక్‌లో రాసుకుని, అదే రోజు ఎక్కడో ఒకచోట వాడటం అలవాటు చేసుకున్నాను. పోయిన నెల ఒక అమెరికా బయ్యర్, కంటైనర్ ఎప్పుడు బయల్దేరుతుందని రెండు రోజుల్లో మూడుసార్లు అడిగారు. ఆ రోజు నేను నేర్చుకున్న మాట ‘హోల్డ్ యువర్ హార్సెస్’. ‘ప్లీజ్ హోల్డ్ యువర్ హార్సెస్ సర్, ద కంటైనర్ విల్ లీవ్ ఆన్ ఫ్రైడే’ అని పంపాను. ఆయన జవాబు నాకివ్వకుండా మా మేనేజర్‌కి పెట్టారు. మేనేజర్ అందరి ముందూ కోప్పడ్డారు. అప్పట్నుంచీ మెయిల్ రాయాలంటే టెన్షన్. డిక్షనరీలో ‘ఆగు, ఓపిక పట్టు’ అనే ఉంది. ప్లీజ్ పెట్టాను, సర్ అన్నాను. నా తప్పేంటి? ఈ మాట అసలు ఎక్కడ వాడాలి? మా తమ్ముడేమో ‘హార్సెస్’ కాదు, ‘హార్స్’ అనాలంటాడు. అది కరెక్టేనా? నా నోట్‌బుక్‌లో ఆ మాట కొట్టేయమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

సమాధానం: అమ్మా, తమ్ముడి సంగతి చిన్నది, ముందు అది తేల్చేద్దాం. ‘హార్సెస్’ అనే అనాలి. ‘హోల్డ్ యువర్ హార్స్’ అంటే నిజంగానే ఒక గుర్రాన్ని పట్టుకోమని చెప్పినట్టు వినపడుతుంది. ఎదుట ఉన్నది ఒక్క మనిషే అయినా, ఆ మనిషి జన్మలో గుర్రాన్ని ముట్టుకోకపోయినా, ఈ మాటలో గుర్రాలు బహువచనంలోనే ఉంటాయి.

ఇక నీ అసలు బాధ. డిక్షనరీ నీకు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. ఆ మిగతా సగం నాకు డిక్షనరీలో కాదు, జట్కాలో అర్థమైంది.

నా చిన్నప్పుడు నెల్లూరు రైల్వే స్టేషన్ బయట జట్కాలు వరసగా నిలబడి ఉండేవి. మా నాయన ఒకదాన్ని మాట్లాడి మూలాపేటకి తీసుకెళ్ళేవాడు. లోపల గడ్డి పరిచి, పైన గోనెపట్టా వేసి ఉండేది. రెండు చక్రాల బండి కదా, బరువంతా వెనక పడితే కాడి పైకి లేస్తుందని తోలే సాయిబు ‘ముందుకు జరగండి, ముందుకు జరగండి’ అని మమ్మల్ని తన వీపు దాకా జరిపించేవాడు. అందువల్ల ఆయన చేతులు నాకు బాగా దగ్గరగా కనపడేవి. ఒకరోజు ముందు పోతున్న ఇంకో జట్కాను చూసి మా గుర్రం పరుగందుకుంది. రోడ్డు మీద జనం. సాయిబు రెండు పగ్గాలూ పిడికిళ్ళకి చుట్టి, పాదాలు ముందున్న పలకకి తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చాడు. తోలు పగ్గం ఆయన చేతి మీద ఒరుసుకుపోయి చర్మం తెల్లబడింది. గుర్రం మెడ వంచింది, నోట్లో కళ్ళెం కొరుకుతున్న చప్పుడు వినపడింది. అయినా దాని కాళ్ళు ఆగలేదు, పరుగు తగ్గి నడకయింది, అంతే.

పగ్గాలు బిగబట్టడం అంటే అది. నిలబడి ఉన్న గుర్రం పగ్గాలు ఎవరూ బిగబట్టరు. ఉరుకుతున్నదానికే ఆ పని. కాబట్టి ‘హోల్డ్ యువర్ హార్సెస్’ అనగానే అందులో రెండు మాటలు ఉంటాయి. ఒకటి ‘ఆగు’. రెండోది పైకి కనపడదు: ‘నువ్వు అదుపు లేకుండా ఉరుకుతున్నావు’. మొదటిది విన్నపం, రెండోది మందలింపు. డిక్షనరీ నీకు మొదటిదే ఇచ్చింది. మీ బయ్యర్‌కి రెండోది వినపడింది. పైగా ఈ మాట ఇడియమ్‌గా స్థిరపడింది 19వ శతాబ్దపు అమెరికాలోనే. పల్లెటూరి ఉచ్చారణ పట్టుకుని ‘హాసెస్’ అని కూడా రాసేవాళ్ళు. అంటే ఆయన చిన్నప్పట్నుంచీ అమ్మా నాన్నల నోట, ఆటస్థలంలో, బడిలో విన్న మాట. అది ఎవరు ఎవరితో అంటారో ఆయనకి ఆలోచించకుండానే తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే హోమర్ రాసిన ప్రాచీన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో కూడా ఇలాంటి కేక ఒకటి ఉంది. 23వ సర్గలో రథాల పందెం. వానకి కోసుకుపోయి దారి ఇరుకైన చోట ఆంటిలోకస్ అనే కుర్రాడు మెనెలాస్ రథాన్ని దాటబోతాడు. గుర్రాల్ని పట్టు, రెండు రథాలూ గుద్దుకుంటాయి అని మెనెలాస్ అరుస్తాడు. కుర్రాడు విననట్టు నటించి ఇంకా గట్టిగా తోలతాడు. ఆ గొడవ పందెం అయ్యాక కూడా నడుస్తుంది, చివరికి వయసులో చిన్నవాడైన ఆంటిలోకసే తగ్గి మాట్లాడతాడు. ఇక్కడ నాకు ముఖ్యంగా కనపడేది ఒక్కటే. అరిచినవాడు రాజు, వయసులో పెద్ద. విన్నవాడు చిన్నవాడు. మాట పైనుంచి కిందికి వచ్చింది. ఇన్ని వేల ఏళ్ళ తర్వాత, ఇంకో భాషలో కూడా ఈ మాట నడక అదే. పెద్దలు పిల్లలతో అంటారు, స్నేహితులు స్నేహితులతో అంటారు. కిందినుంచి పైకి అనరు.

ఇది నీకు తెలియని విషయం కాదమ్మా. తెలుగులో రోజూ పాటిస్తూనే ఉన్నావు. తమ్ముడు తొందరపడితే ‘ఉండరా, ఏందా తొందర’ అంటావు. స్నేహితురాలైతే ‘ఆగవే తల్లీ’ అంటావు. పక్కింటి పెద్దాయన వస్తే ‘ఒక్క నిమిషం ఆగండి బాబాయ్, వస్తుండా’ అంటావు. ఆఫీసులో మేనేజర్ మూడోసారి ఫైలు అడిగితే ‘ఉండండి సార్, ఏందీ తొందర’ అని మాత్రం చచ్చినా అనవు. అక్కడ ‘సార్’ అనే మాట ఉంది, ‘అండి’ కూడా ఉంది. అయినా అనవు. మర్యాద ‘అండి’లో లేదని నీకు తెలుసు. ‘ఏందీ తొందర’ అన్నాక దాని ముందు దయచేసి అని పెట్టినా, వెనక సార్ అని పెట్టినా లాభం లేదు. నీ మెయిల్‌లో ప్లీజ్, సర్ రెండూ ఉండి కూడా ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసింది కదా. ఇంకా చెప్పాలంటే, చనువు మాటకి మర్యాద మాటలు తగిలిస్తే కొందరికి వెటకారంలా కూడా వినిపిస్తుంది. నీ మనసులో వెటకారం లేదని నాకు తెలుసు. కాగితం మీద మాత్రం నీ మొహం కనపడదు.

నీ పనిలోంచే ఒక ఉదాహరణ చెప్తాను. గుంట దగ్గర రైతు ‘నలభై కౌంట్’ అంటే కిలోకి నలభై రొయ్యలు. అమెరికాకి వెళ్ళే డబ్బా మీద కౌంట్ రాస్తే అది పౌండుకి. అంకె ఒకటే, తూకం వేరు. కిలో అంటే దాదాపు 2.2 పౌండ్లు కాబట్టి సైజులో సగానికి సగం తేడా వచ్చేస్తుంది. నువ్వు పొరపాటున కూడా ఆ రెంటినీ కలపవు, ఎందుకంటే కలిపితే సరుకు వెనక్కి వస్తుందని తెలుసు. ఇడియమ్ కూడా అంతే. దాని పక్కన అర్థం ఒక్కటే రాసుకుంటే తూకం రాయకుండా అంకె రాసుకున్నట్టు.

మీ మేనేజర్ గురించి ఒక్క మాట. ఎనిమిది నెలల అనుభవం ఉన్న అమ్మాయి మెయిల్‌లో ఒక మాట తేడా వస్తే పక్కకి పిలిచి చెప్పాలి. అందరి ముందు అరిస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ కొత్త మాట ప్రయత్నించదు. నేను 31 ఏళ్ళు రెండు జిల్లాల హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పాను. తప్పు మాట్లాడిన పిల్లలు బాగుపడ్డారు, తప్పు వస్తుందని భయపడి నోరు మూసుకున్న పిల్లలే వెనకబడ్డారు. ఆ భయం నీలో నాటుకోకూడదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు ఆ బయ్యర్‌కి ఏం రాయాలి? ఇడియమ్ గురించి వివరణ ఇవ్వొద్దు. ‘నా ఉద్దేశం అది కాదు, మా భాషలో ఇలా’ అని మొదలుపెడితే కథ పెరుగుతుంది. రెండు వాక్యాలు చాలు: ‘ఐ యామ్ సారీ ఎబౌట్ ద వర్డింగ్ ఆఫ్ మై లాస్ట్ మెయిల్. ఐ షుడ్ హావ్ గివెన్ యు ద డీటెయిల్స్ యు ఆస్క్‌డ్ ఫర్.’ దాని వెంటనే పని సంగతి రాయి, కంటైనర్ ఎక్కడుంది, నంబరెంత, ఎప్పటికి చేరుతుంది. మనిషి మూడుసార్లు అడిగాడంటే అతని వెనక ఇంకెవరో ముప్ఫైసార్లు అడుగుతున్నారని అర్థం. చల్లగా ఉండాల్సిన సరుకు, దాని కోసం అవతల గోడౌన్ ఖాళీ పెట్టుకుని కూర్చుంటారు. అలాంటప్పుడు ఓపిక పట్టమని చెప్పే మాట ఎంత మెత్తనిదైనా ఆకలి తీర్చదు. వివరం తీరుస్తుంది.

నిజంగా ఆగమనే చెప్పాల్సి వస్తే ‘ప్లీజ్ బేర్ విత్ అస్ అంటిల్ ఫ్రైడే’ అని రాయి. అందులో ఇబ్బంది మనవల్ల అనే ఒప్పుకోలు ఉంటుంది. ‘థాంక్యూ ఫర్ యువర్ పేషెన్స్’ కూడా మంచిదే, కానీ మొదటి మెయిల్‌లోనే వాడితే ఇంకా చూపించని ఓపికకి ముందే థాంక్స్ చెప్పినట్టు ఉంటుంది. ఫోన్‌లో అయితే ‘కుడ్ యు హోల్డ్ ఆన్ ఎ మొమెంట్, ప్లీజ్?’ అను. ఈ ‘హోల్డ్ ఆన్’కీ మన గుర్రాలకీ ముడిపెట్టకు. రెంటిలోనూ ‘హోల్డ్’ ఉందని చాలామంది పిల్లలు కలిపేస్తారు. ‘హోల్డ్ ఆన్’ నొచ్చుకునేలా ఉండదు, గొంతు మర్యాదగా ఉంటే ఎవరితోనైనా అనొచ్చు.

సరే, ‘హోల్డ్ యువర్ హార్సెస్’ ఎక్కడ అందంగా ఉంటుంది? ఇంట్లో. స్నేహితుల మధ్య. ఎదుటి మనిషి నిజంగా ముందుకు ఉరుకుతున్నప్పుడు, నువ్వు నవ్వుతూ పగ్గం లాగగలిగినప్పుడు. మన నెల్లూరు చేపల పులుసే తీసుకో. మామిడికాయ ముక్కలు పడి, పొయ్యి మీంచి దించాక అది కొంతసేపు ఊరాలి. మా ఇంట్లో మా అమ్మ రాత్రి చేసి పొద్దున వడ్డించేది. మీ తమ్ముడు దించీదించగానే గిన్నె పట్టుకుని వచ్చాడనుకో. ‘హోల్డ్ యువర్ హార్సెస్! ద పులుసు హాజ్ టు సిట్ ఫర్ ఎ వైల్.’ ఇంతకన్నా సరిగ్గా ఆ మాట వాడే చోటు నాకు తెలియదు. లేదా స్నేహితురాలు పెళ్ళిచూపులైన మర్నాడే చీరల లిస్టు రాస్తుంటే, ‘హోల్డ్ యువర్ హార్సెస్, దే హావెంట్ సెడ్ యెస్ యెట్’ అనొచ్చు. మనసు తెలిసిన స్నేహితురాలైతేనే సుమా.

వాక్యంలో ఇది సాధారణంగా మొదట్లో వస్తుంది, ఆజ్ఞ రూపంలో. దాని తర్వాత ఎందుకు ఆగాలో ఒక కారణం వస్తే వాక్యం నిండుగా ఉంటుంది. కారణం లేకుండా ఒక్కమాటే విసిరితే కసిరినట్టుంటుంది. మూడో మనిషి గురించి చెప్పాలంటే ‘టెల్ హిమ్ టు హోల్డ్ హిజ్ హార్సెస్’ అంటారు, ‘యువర్’ పోయి ‘హిజ్’ వస్తుంది. ‘ఐ యామ్ హోల్డింగ్ మై హార్సెస్ ఫర్ ద బస్’ అని మాత్రం రాయకు. బస్టాండ్‌లో నువ్వు ఎదురుచూస్తున్నావు, ఉరకడం లేదు, అక్కడ ‘వెయిటింగ్’ చాలు. పరీక్షల జవాబుల్లో ‘హి హెల్డ్ హిజ్ హార్సెస్ ఫర్ టూ ఇయర్స్’ లాంటివి చాలా దిద్దాను. వ్యాకరణం తప్పని కొట్టేయలేం, కానీ అలా ఎవరూ అనరు.

గుర్రాల మాటల్లో ఒకటి నన్ను చాలా ఏళ్ళు బాధపెట్టింది. అది చెప్పాలి. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె హైస్కూల్లో పనిచేసే రోజుల్లో, పదో తరగతి ఫలితాలొచ్చాయి. ఎప్పుడూ వెనక బెంచీలో తలొంచుకుని కూర్చునే అమ్మాయికి స్కూల్ ఫస్ట్ వచ్చింది. నాకు పట్టరాని సంతోషం. మార్కుల కాగితాలు తీసుకోవడానికి వచ్చిన పిల్లలందరి ముందూ ‘యు ఆర్ అవర్ డార్క్ హార్స్!’ అన్నాను. ఎవరూ ఊహించకుండా గెలిచినవాళ్ళని అలా అంటారు. పందేల్లో ఎవరికీ పెద్దగా తెలియని గుర్రం గెలిస్తే వచ్చిన మాట. 1844లో అమెరికా అధ్యక్ష పదవికి ఎవరూ అనుకోకుండా పార్టీ నిలబెట్టిన జేమ్స్ పోక్ లాంటివాళ్ళ గురించి రాజకీయాల్లో కూడా వాడతారు. అందులో రంగు ప్రసక్తే లేదు, ‘డార్క్’ అంటే ఇక్కడ చీకట్లో ఉన్నది, తెలియనిది అని. నేను చెప్పిన అర్థం నూటికి నూరుపాళ్ళు సరైనది.

ఆ అమ్మాయి చామనఛాయ కన్నా ఒక పిసరు నలుపు. తరగతిలో పిల్లలు ఆ మాట ఎత్తి ఏడిపిస్తారని నాకు తెలియదు. ‘డార్క్’ వినపడగానే వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల కాగితం తీసుకుని, మడిచి, ఇంకోసారి మడిచి, గుప్పిట్లో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. స్కూల్ ఫస్ట్ వచ్చిన రోజు. సాయంత్రం దాని స్నేహితురాలు వచ్చి చెబితే తప్ప నాకు అర్థం కాలేదు. వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మానాన్నల ముందు ఆ మాటకి అర్థం చెప్పాను, గుర్రప్పందెం సంగతి చెప్పాను, నీ మనసు నొప్పించాను తల్లీ అన్నాను. అమ్మాయి తలూపింది. నమ్మిందో లేదో ఆ రోజు తెలియలేదు. వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చేశాను. ఆ తర్వాత పిల్లల రంగు, ఎత్తు, లావు వీటికి ఏమాత్రం తగిలే మాటైనా, ఎంత మంచి అర్థం ఉన్నా, నేను క్లాసులో వాడలేదు.

నీ మెయిల్ చదివినప్పుడు నాకు ఆ మడిచిన కాగితం గుర్తొచ్చింది. నువ్వూ నేనూ చేసిన తప్పు ఒకటే. మాట అర్థం చూసుకున్నాం, వినే మనిషిని చూసుకోలేదు.

నీ నోట్‌బుక్‌లో ఇంకా గుర్రాలు ఉండే ఉంటాయి కాబట్టి రెండు మూడు చెప్తాను. ‘స్ట్రెయిట్ ఫ్రమ్ ద హార్సెస్ మౌత్’ ఉందా? సంబంధిత మనిషి నోటనే విన్నానని. ఇది 20వ శతాబ్దం మొదట్లో పందేల వాళ్ళ దగ్గర వాడుకలోకి వచ్చిన మాట. ఏ గుర్రం గెలుస్తుందో గుర్రమే చెప్పినంత నికరమైన కబురని. గుర్రం నోరు నమ్మదగిందని ఎందుకు అనుకుంటారో ప్రకాశం జిల్లావాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒంగోలు గిత్తను కొనేవాడు యజమాని చెప్పే వయసు వినడు, పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు. పశువుకి పై దవడలో ముందుపళ్ళు ఉండవు, కింద ఎనిమిది. పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు జతజతగా వస్తాయి. బండలాగుడు పోటీల్లో కూడా విభాగాలు అలాగే కదా: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. గుర్రానికైతే ముందుపళ్ళు పైనా కిందా కలిపి పన్నెండు, ఐదేళ్ళకి అన్నీ మారిపోతాయి, ఆ తర్వాత అరుగుదల చూసి వయసు చెప్తారు. ఎవరు అబద్ధం చెప్పినా పళ్ళు చెప్పవు. ‘డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్’ కూడా ఇక్కడిదే. దానమిచ్చిన ఆవుకి పళ్ళు పట్టి చూడకూడదని మనవాళ్ళూ అంటారు. వీటిలో మొదటిదాన్ని ఆఫీసులో వాడొచ్చు, తప్పు లేదు. మీ మేనేజర్ గారి గురించి ఆయన వినేలా అనకు, అంతే. ఇంగ్లీషువాళ్ళకి అందులో గుర్రం కనపడదు, మనవాళ్ళకి కనపడుతుంది. ‘లాంగ్ ఇన్ ద టూత్’ కూడా పళ్ళ మాటే. చిగుళ్ళు తగ్గి పళ్ళు పొడుగ్గా కనపడతాయి కనుక ముసలిదైందని. దాన్ని పెద్దవాళ్ళ గురించి అసలు వాడొద్దు.

గిత్తల మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటీ. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళాక అక్కడ దాని పేరు ‘నెలోర్’ అయింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. సముద్రం దాటితే పశువు పేరే మారిపోయింది. మాట బరువు మారడంలో వింతేముంది.

‘ఫ్లాగింగ్ ఎ డెడ్ హార్స్’ అని ఉంటే దాని పక్కన ‘గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం’ అని రాసుకున్నావేమో చూడు. దగ్గరదే కానీ అదే కాదు. మనది పనికిమాలిన పని. వాళ్ళది తేలిపోయిన విషయాన్ని పట్టుకుని లాగడం. ‘లాకింగ్ ద స్టేబుల్ డోర్ ఆఫ్టర్ ద హార్స్ హాజ్ బోల్టెడ్’కి చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సరిగ్గా సరిపోతుంది, బెంగలేదు. ‘హార్స్ ట్రేడింగ్’ మాత్రం జాగ్రత్త. మన పేపర్లలో, టీవీల్లో అది ఎమ్మెల్యేలని కొనడం గురించే వస్తుంది. బయ్యర్‌తో రేటు మాట్లాడుకున్నదాన్ని హార్స్ ట్రేడింగ్ అంటే ఏదో మోసం జరిగిందని అనుకుంటారు. ‘నెగోషియేషన్’ అను.

మన తెలుగువారే వెన్నెలకంటి సుబ్బారావు గారు 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ అదాలత్‌లో దుబాసీగా పనిచేశారు. తన జీవితకథ కూడా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. కోర్టులో నిలబడి ఒక భాష మాటని ఇంకో భాషలో చెప్పడమే ఆయన ఉద్యోగం. సాక్షి బతిమాలాడా, కసిరాడా అనేది తేడా వస్తే కేసే మారిపోతుంది. కంపెనీ తరఫున అమెరికాకి మెయిల్ రాసే నువ్వు చేస్తున్నదీ దుబాసీ పనే. చిన్న ఉద్యోగం అనుకోకు.

నోట్‌బుక్ మానొద్దు, మాటా కొట్టేయొద్దు. ప్రతి ఇడియమ్ పక్కన అర్థంతో పాటు ‘ఎవరు – ఎవరితో’ అని ఇంకో గడి గీయి. ఆ గడి నింపాలంటే డిక్షనరీ సరిపోదు. ఆ మాటని ఎవరో వాడగా మూడు నాలుగు చోట్ల చూడాలి, సినిమాలోనో, ఇంటర్వ్యూలోనో, బయ్యర్ల మెయిల్స్‌లోనో. మీ ఆఫీసు ఇన్‌బాక్స్‌లో ఎంత ఇంగ్లీషు ఉందో ఎప్పుడైనా గమనించావా? వాళ్ళు తమ పైవాళ్ళతో ఎలా రాస్తున్నారు, నీతో ఎలా రాస్తున్నారు అని పక్కపక్కన పెట్టి చదువు. అందువల్ల ‘నేర్చుకున్న రోజే వాడాలి’ అనే నియమం తీసేయి. గడి నిండిన రోజు వాడు. అది నాలుగు రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. ఇంట్లో మాత్రం అదే రోజు వాడుకో, ఇంట్లోవాళ్ళ దగ్గర తప్పు పోయినా నష్టం లేదు.

‘హోల్డ్ యువర్ హార్సెస్’ పక్కన గడిలో ఇప్పుడే రాసుకో: ‘నేను – తమ్ముడితో, స్నేహితురాలితో. నవ్వుతూ.’ ఆ పక్కనే బయ్యర్‌కి వెళ్ళాల్సిన వాక్యం కూడా రాసుకో. ఆ మెయిల్ రేపు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే పంపించు, ఇంకో రోజు ఆలస్యం చేయొద్దు. జవాబు వస్తే నాకు రాయి తల్లీ, ఎదురుచూస్తుంటాను.